అమ్మ ఏదీ, చూపించు

“అమ్మ ఏదీ, చూపించు” అని ఏ పిల్లవాడినైనా అడుగుతారు. చంకలో ఉన్న పసివాడిని కూడా అడుగుతారు, వాడు చూపించగానే అందరూ మురిసిపోతారు. ఆ ఏడు వసంతంలో మాత్రం ఆ మాట చెవిన పడితే చాలు, మా ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడేది.

మొదట అడిగినవాడు కుబాత్. మార్చి నెలాఖరు, శనివారం. మంచు కరిగి బడి ఆవరణంతా చీలమండల లోతు బురద. ప్రత్యేక తరగతి గదిలో బొగ్గుల పొయ్యి రాజేసి, దాని చుట్టూ పిల్లల బల్లల మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాం తల్లిదండ్రులం. మాట రాని పిల్లలు, నడక రాని పిల్లలు, బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లలు చదివే తరగతి అది. ఆ గోడలకి సున్నం కొట్టింది మేమే, ఆ పొయ్యికి బొగ్గు మోసింది మేమే. ప్రతి శనివారం చినారా టీచరూ మేమూ కలిసి కూర్చునేవాళ్ళం. ఇంట్లో ఏం నేర్పాలో ఆవిడ చెప్పేది, బడిలో ఏం జరగడం లేదో మేం చెప్పేవాళ్ళం. దీన్నే సంఘం అనేవాళ్ళం. గొంతులు పెరగని శనివారాలు తక్కువే.

మే నెలాఖరుకి రాజధాని నుంచి కమిషన్ వస్తుంది. ఒక్కో పిల్లనీ లోపలికి పిలిచి, అదీ ఇదీ అడిగి, ఈ పిల్లకి చదువు వస్తుందా రాదా అని తేల్చేస్తుంది. రాదంటే, రెండు కనుమల అవతల ఉన్న వసతి గృహానికి పంపించాలి. ఆ దారి శీతాకాలమంతా మూసే ఉంటుంది. ఆ భయంతోనే సంఘంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మేమే కమిషన్ వేషం కట్టి పిల్లలని అడగాలి. అయితే ఎవరి పిల్లని వాళ్ళు అడగకూడదు, కన్నవాళ్ళు నోరు మూసుకుని చూస్తూ కూర్చోవాలి. దాని మీద టీచర్ ఇంకో నియమం చేర్చింది. పిల్ల సరిగ్గా చెబితే వెంటనే “అవును” అనాలి. తప్పు చెబితే ఏమీ అనకూడదు.

కుబాత్ గుర్రాలకి నాడాలు కొట్టే మనిషి. ఆ రోజు కమిషన్ వేషం తనది కదా అని పెళ్ళినాటి టై బిగించుకుని వచ్చాడు. మెడ పట్టక ముఖం కందగడ్డ అయింది. మా ఎలమాన్‌ని ముందు నిలబెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. ఎలమాన్‌కి తొమ్మిదేళ్ళు. నోటికొచ్చిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అవీ మాకే అర్థమవుతాయి. చెయ్యి చాచి చూపించడం మాత్రం ఆ శీతాకాలంలో నేర్చుకున్నాడు. చెక్కముక్కల్లో ఎర్ర ముక్క ఏదంటే చూపించాడు. కిటికీ ఏదంటే చూపించాడు.

“అమ్మ ఏదీ, చూపించు” అన్నాడు కుబాత్.

ఎలమాన్ వెనక్కి తిరిగి, చెయ్యి చాచి, వెనక బల్ల మీద కూర్చున్న మా అత్తగారిని చూపించాడు.

“అవును” అన్నాడు కుబాత్. అవును అన్నారు అందరూ. నేనూ అవునన్నాను. వాడిని కన్నది నేను.

మాలో మొదటి బిడ్డని అత్తమామలకి ఇచ్చేస్తారు. ఎలమాన్ పుట్టిన కొన్నాళ్ళకే ఉయ్యాలతో సహా అత్తగారి గదిలోకి వెళ్ళిపోయాడు. పాలు నేనే ఇచ్చేదాన్ని, ఇచ్చి మళ్ళీ ఆవిడ చేతికి అందించేదాన్ని. వాడికి ఆవిడ అమ్మ, నా భర్త మైరంబెక్ అన్న, నేను వదిన. వాడి ఎదుట ఇంకో మాట ఎవరూ అనరు. అంటే బిడ్డకి మంచిది కాదు, పెంచిన తల్లికి తలవంపు. నీకేం, చిన్నదానివి, ఇంకా పుడతారులే అన్నారు నన్ను. పుట్టలేదు. ఎలమాన్‌కి మాటలు రావడం లేదని తెలిశాక ఊళ్ళో కొందరు ముసలావిడ పెంపకం అన్నారు, కొందరు నా కడుపుని ఆడిపోసుకున్నారు. రెండు రకాల వాళ్ళ ఇళ్ళకీ వెళ్ళి గుమ్మంలో నిలబడి నోళ్ళు మూయించి వచ్చింది అత్తగారు. ఆవిడ పేరు నేను చెప్పను. మా కోడళ్ళు అత్తగారి పేరు నోటితో అనరు, రాయడానికి కూడా నాకు చెయ్యి రాదు.

అందరూ అవునన్నాక దమీరా గొంతు విప్పింది. దమీరా పోస్టాఫీసులో పనిచేస్తుంది, వాళ్ళబ్బాయి మా ఎలమాన్ పక్కనే కూర్చుంటాడు. చాలా మంచిది, కానీ మనసులో ఉన్నది నోట్లో ఆగదు.

“ఆగండాగండి. కమిషన్ వాళ్ళ ముందు వీడి పుట్టుక సర్టిఫికెట్ ఉంటుంది. అందులో తల్లి పేరు జిబెక్ అని ఈమెదే కదా ఉంది? వాళ్ళ లెక్కన వీడు చెప్పింది తప్పు. కన్నతల్లినే గుర్తుపట్టలేడని రాసేస్తారు.”

ఆ మాట పూర్తికాకుండానే అత్తగారు లేచి రెండు అరచేతులతో ఎలమాన్ చెవులు మూసేసింది. వాడు ఆటేమో అనుకుని నవ్వాడు. గదిలో ఇంకెవరికీ నవ్వు రాలేదు.

టీచర్ నెమ్మదిగా, ముందే వాళ్ళకి సంగతి చెప్పేస్తే పోతుంది, ఈ ఆచారం వాళ్ళకి తెలియనిదా, తను మాట్లాడతానంది. అదింకా ప్రమాదం అంది దమీరా. నది అవతలి ఊళ్ళో కిందటేడు ఒక పిల్ల సంగతి ఇలాగే వచ్చిందట. అమ్మమ్మ దగ్గర పెరుగుతోందని చెబితే, తల్లి సంరక్షణ లేదు అని రాసి వసతి గృహానికి పంపించేశారట. ఎవరు చెప్పారంటే అందరూ చెబుతున్నారంది. నిజమో అబద్ధమో, ఆ మాట మాత్రం మా నెత్తిన పడింది. నిజం చెబితే తల్లి పట్టించుకోని బిడ్డ. చెప్పకపోతే తల్లిని గుర్తుపట్టని బిడ్డ. ఎటు చూసినా గొయ్యే.

అత్తగారు ఎలమాన్‌కి కోటు తొడిగి, గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టి, బయటికి నడిచింది. బురదలో ఆవిడ వెనకాల నేను.

ఇంటికి చేరాం. గుమ్మంలో బూట్లు విప్పుతూ అంది, “నా కొడుక్కి అమ్మ ఎవరో పోస్టాఫీసు చెప్పాలా?” అని. మైరంబెక్ కనుమ దారిలో వ్యాను నడుపుతాడు. సాయంత్రం వచ్చి అంతా విని, ఇది మీ ఆడవాళ్ళు తేల్చుకోవాల్సింది అని, ఇంజన్‌లో ఏదో చప్పుడొస్తోందని మళ్ళీ బయటికి పోయాడు. ఆ ఇంజన్‌కి ఏ జబ్బూ లేదు. ఇంట్లో మాట పెరిగితే దానికి జబ్బు చేస్తుంది.

నా సంగతి దాచుకోను. దమీరా ఆ మాట అనగానే భయంతో పాటు లోపల ఇంకోటి కూడా కదిలింది. ఏ దేవుడో నా తరఫున నోరు విప్పినట్టు అనిపించింది. ఇన్నేళ్ళకి ఒక ప్రభుత్వం, ఒక కాగితం, ఒక ప్రశ్న వచ్చి నా బిడ్డ చేత నన్ను అమ్మ అని చూపించమంటున్నాయి. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషానికి భయపడి ఆ సాయంత్రం పేడ ఎత్తుతూ పశువుల పాకలోనే ఉండిపోయాను.

తర్వాతి వారమంతా అత్తగారు తిండి సరిగ్గా తినలేదు. గొర్రెలు ఈనే కాలం, పని తెమిలేది కాదు. తడి గొర్రెపిల్లలని తెచ్చి పొయ్యి దగ్గర వేసేది, పాలు పట్టేది, ఆలోచిస్తూ ఉండిపోయేది. నేను పలకరిస్తే అవసరమైనంత వరకే బదులిచ్చేది. ఒక పొద్దున నేను రొట్టె, మీగడ పెట్టి టీ పోస్తుంటే, ఎలమాన్‌ని తన పక్కనుంచి లేపి నా ఎదురుగా కూర్చోబెట్టింది.

“అమ్మ ఏదీ, నా గుర్రప్పిల్లా?” అని అడిగింది వాడిని.

వాడు వెంటనే ఆవిడని చూపించాడు. ఆవిడ ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, తన మీదనుంచి తిప్పి, నా వైపు పెట్టింది. “అవును” అంది. అని జేబులోంచి చక్కెర గడ్డ తీసి వాడి నోట్లో పెట్టింది. నా చేతిలో కప్పు ఒలికి టీ అంతా ముందు పరిచిన గుడ్డ మీద పడింది.

“తుడుచుకో పిల్లా” అంది నాతో. “మే నెల గడవాలి. అంతవరకే.”

అలా మొదలైంది. పాలు పితికేటప్పుడు, గొర్రెలు తోలేటప్పుడు, రొట్టె కాల్చేటప్పుడు, ఎక్కడ పడితే అక్కడ ఆవిడ అడగడం, వాడి చెయ్యి తిప్పడం, చక్కెర పెట్టడం. తన గుండెని తన చేత్తో తానే పీకేసుకుంటున్నట్టు ఉండేది చూడడానికి. వాడికి ఏమీ అర్థం కాక, కొన్నాళ్ళు చెయ్యి ఇద్దరి మధ్యా ఊగేది. ఏప్రిల్ సగానికి వచ్చేసరికి అలవాటు పడ్డాడు. అమ్మ ఏదీ అంటే నా వైపు చెయ్యి చాచేవాడు. చెయ్యి నా వైపు, కళ్ళు మాత్రం ఆవిడ జేబు వైపు. అయినా సరే, మొదటిసారి ఎవరూ మణికట్టు పట్టుకోకుండా వాడు నన్ను చూపించిన రోజు నేను గడ్డివాము వెనక్కి పోయి వెక్కివెక్కి ఏడ్చాను. ఎంత పిచ్చిదాన్ని, చక్కెర కోసమని తెలిసి కూడా.

వాడు మారిపోయాడు. రాత్రిళ్ళు పక్క తడపడం మానేసి రెండేళ్ళయింది, మళ్ళీ మొదలైంది. అత్తగారు గది దాటి వెళితే గౌను పట్టుకుని వదిలేవాడు కాదు. బడిలో దమీరా కొడుకుని కొరికాడు. శనివారం టీచర్ ఆ విషయం ఎత్తింది. ఆవిడ నెమ్మదస్థురాలు, ఆ రోజు మాత్రం లేచి నిలబడి అడిగింది.

“పెద్దమ్మా, వాడికి తెలిసిన మొదటి సంగతే మనం తప్పంటున్నాం. ఇక వాడు దేన్ని నమ్మాలి? ఎర్ర ముక్క ఎర్రగా ఉందని నమ్ముతాడా?”

“నీకు వాడి జవాబు కావాలమ్మా, నాకు వాడు కావాలి” అంది అత్తగారు. “ఆ వసతి గృహంలో వీడికి రాత్రి దుప్పటి ఎవరు కప్పుతారో చెప్పు. చెబితే మానేస్తాను.”

కుబాత్ పొయ్యిలో బొగ్గు కదుపుతూ ఉండిపోయాడు. సంఘం రెండుగా చీలింది ఆ రోజు. నేర్పించండి, ముందు గండం గడవనీ అన్నవాళ్ళు కొందరు, పిల్లాడిని ఆగం చేస్తున్నారన్నవాళ్ళు కొందరు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు.

కమిషన్‌కి ముందు వచ్చిన చివరి శనివారం మళ్ళీ కుబాత్ టై కట్టుకున్నాడు. అమ్మ ఏదీ అన్నాడు. ఎలమాన్ నన్ను చూపించాడు, చటుక్కున తల తిప్పి అత్తగారి కోసం చూశాడు. కుబాత్ నోట అవును అన్న మాట ఆలస్యంగా వచ్చింది. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది అత్తగారే. కొట్టి, గది ఉక్కగా ఉందని బయటికి వెళ్ళింది. కిటికీలోంచి చూశాను. ఎండలో గోడకి ఆనుకుని, తలగుడ్డ కొసతో ముఖం అంతా కప్పుకుని నిలబడింది. వెళ్ళి పక్కన నిలబడాలనిపించింది. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?

ఆ రోజే ఇంకో నిర్ణయం కూడా జరిగింది. వాడు ఆవిడ వైపు చూస్తే కమిషన్ వాళ్ళకి అనుమానం వస్తుందంది దమీరా. అందుకని ఆవిడ లోపలికి రాకూడదు, వరండాలో కూర్చోవాలి. అత్తగారు తలూపింది.

కమిషన్ రోజున బడికి వెళుతుంటే దారిలో ఆగి నా కోటు జేబులో ఏదో పెట్టింది. తడిమి చూస్తే చక్కెర గడ్డ. “మొండికేస్తే కొంచెం కనబడేలా పట్టుకో” అంది. ఎలమాన్‌కి తలదువ్వి, మా పెద్దవాళ్ళు ముద్దుకి బదులు చేసినట్టు నుదుటి మీద వాసన చూసి, నా చేతికి వాడి చెయ్యి ఇచ్చింది. తర్వాత వరండాలో గోడవారన బల్ల మీద, అందరి పిల్లల కోట్లూ ఒళ్ళో వేసుకుని కూర్చుంది.

లోపల బల్ల వెనక ముగ్గురు. పెద్దావిడ మధ్యలో, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ముఖంలో ఏ భావమూ లేకుండా ఉంది. మా చినారా టీచర్ గోడ దగ్గర నిలబడింది, మాట్లాడకూడదని ముందే చెప్పారట. నన్ను ఒక కుర్చీలో కూర్చోమన్నారు. తల్లి మీరేనా అన్నారు. అవునన్నాను.

ఎలమాన్ ముక్కలు పేర్చాడు. చెంచా చూపించాడు. రెండు యాపిల్ పళ్ళు తీసి ఇమ్మంటే ఇచ్చాడు, మూడోది తనకి ఉంచుకోబోయి టీచర్ ముఖం చూసి మానేశాడు. పక్కనున్న మగాయన నవ్వాడు. బాగానే సాగుతోందనుకున్నాను.

“అమ్మ ఏదీ, చూపించు” అంది పెద్దావిడ.

వాడు నా వైపు చూశాడు. చెయ్యి సగం లేచింది. తర్వాత గదంతా వెతికాడు, మూలలన్నీ చూశాడు. వెనక్కి పూర్తిగా తిరిగి, చెయ్యి నిటారుగా చాచి, మూసి ఉన్న తలుపుని చూపించాడు.

పెద్దావిడ ఇంకోసారి అడిగింది. తలుపే. ఆవిడ కలం ఎత్తింది.

జేబులో నా పిడికిలి చక్కెర గడ్డ మీద బిగిసింది. కొంచెం బయటికి తీస్తే చాలు. వాడి కళ్ళు దాని మీద పడతాయి, చెయ్యి నా మీదకి వస్తుంది, ఆవిడ కలం సరైన గడిలో టిక్కు పెడుతుంది. వాడు ఇంట్లో ఉంటాడు, నేను అమ్మనవుతాను. ఇంకెవరికీ ఏమీ తెలియదు.

“ఒక్కసారి సరిగ్గా చూడు బాబూ” అంది పెద్దావిడ. “అమ్మ ఏదీ?”

మూడోసారీ తలుపునే చూపించాడు. చెయ్యి దించకుండానే తల తిప్పి నా ముఖంలోకి చూశాడు. ఇది కూడా తప్పేనా అన్నట్టు చూశాడు.

“అవును ఎలమాన్” అన్నాను. “అమ్మ అక్కడే ఉంది.”

గోడ దగ్గర టీచర్ కళ్ళు మూసుకుంది. ఒకసారి తలుపు తీయమని పెద్దావిడని అడిగాను. మగాయన లేచి తీశాడు. పిల్లల కోట్లన్నీ గుండెకి హత్తుకుని గుమ్మానికి ఆనుకునే నిలబడి ఉంది అత్తగారు. వాడు ఒక్క ఉరుకున పోయి ఆ కోట్ల మధ్య ముఖం దూర్చేశాడు.

“ఆవిడ ఎవరు?” అంది పెద్దావిడ.

పేరు చెప్పమంటుందేమోనని నా ప్రాణం మీదకి వచ్చింది. “వాడి అమ్మ” అన్నాను.

“మరి మీరు?”

“వదినని.”

ఇన్నేళ్ళూ ఆ మాట నా గురించి ఎవరో ఒకరు అనేవాళ్ళు. నా నోటితో నేను అనడం అదే మొదలు. పెద్దావిడ కాగితం వైపు, నా వైపు, గుమ్మం వైపు చూసింది. ఆవిడకి అర్థం కాలేదని కాదు, ఈ దేశంలో పుట్టినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కాని కాగితం మీద తల్లికి ఒకటే గడి ఉంది. అందర్నీ బయట ఉండమంది.

వరండాలో ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. అత్తగారు నన్ను ఒక్క మాట అనలేదు. ఎందుకు చెప్పావనలేదు, వాడిని ముంచేశావనలేదు. దమీరా వచ్చి నా చెవిలో ఏదో అనబోతే కుబాత్ ఆమె చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకుపోయాడు. వాడిని పంపించేస్తే ఆ కనుమల అవతలికి నేను కూడా పోయి, ఆ ఊళ్ళోనే ఎవరింట్లోనైనా పనికి కుదురుతానని లోలోపల అనుకున్నాను. అది కూడా జరిగే పని కాదని తెలుసు. చెమటకి కరిగి చక్కెర జేబంతా జిగటగా అయింది.

తలుపు తీసి ఇద్దర్నీ లోపలికి పిలిచింది పెద్దావిడ. కూర్చోమనలేదు.

“కంటికి కనబడని మనిషి ఎక్కడుందో చూపించాడు. ఒప్పుకుంటున్నాను” అంది. “ఈ ఏడు ఇక్కడే చదువుతాడు. మళ్ళీ మేలో చూస్తాం.”

అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు పెద్దావిడ కుర్చీలోంచి లేచి ముందుకు వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది.

“మీకు వయసెంతమ్మా?”

డెబ్బై దాటుతోందని చెప్పింది అత్తగారు.

“వాడికి తొమ్మిది” అంది ఆవిడ. “ఆ తలుపు వెనక మీరు లేని రోజున వాడు ఎవరిని చూపించాలి? నేను వచ్చే ఏడు అడిగేది అదే.”

“తెలుసు తల్లీ” అంది అత్తగారు. “నాకెవరూ చెప్పక్కర్లేదు.”

ఇంటికి వచ్చాక ఆవిడ ఆ సంగతే ఎత్తలేదు. వాడు మళ్ళీ పక్క తడపడం మానేశాడు. అమ్మ ఏదీ అని వాడిని ఇంట్లో ఎవరూ అడగలేదు. మైరంబెక్ వ్యాను బాగుపడింది.

జూన్‌లో గొర్రెలు కొండ మీది పచ్చికకి వెళ్ళే వేళయింది. ప్రతి ఏడూ మా మరిది కుటుంబంతో అత్తగారు వెళ్ళేది, వెంట ఎలమాన్ వెళ్ళేవాడు. ఆ పొద్దున ఉన్ని గుడారం కట్టలు, పాల డబ్బాలు లారీలోకి ఎక్కించాం. ఎలమాన్ బట్టల మూట ఎక్కడా కనబడక, మరిచిపోయారేమోనని అడిగాను.

“వాడి బట్టలు నీ గదిలో పెట్టాను” అంది. నా వైపు చూడకుండా మూట తాడు బిగిస్తూనే ఉంది. “ఈ ఏడు వాడు రాడు.”

వాడు ఉండలేడు అత్తమ్మా అన్నాను. మీరూ ఉండలేరు అన్నాను.

“ఉండలేను” అంది. “చెవికి చల్లగాలి తగలనీయకు. నిద్రపోయేదాకా వీపు మీద చెయ్యి వేసి ఉంచాలి, తీస్తే లేస్తాడు. అది నీకు చెప్పలేదు ఇదివరకు.”

వాడి తల వాసన చూడలేదు ఆ రోజు. చూస్తే కదలలేనని కాబోలు. లారీ ఎక్కి, డ్రైవర్ పక్కన, రోడ్డు వైపే ముఖం పెట్టుకుని కూర్చుంది. లారీ గేటు దాటేదాకా వాడికి ఏం జరుగుతోందో తెలియలేదు. దాటాక పరుగెత్తాడు. నేను నడుం పట్టి ఆపితే తన్నాడు, గీరాడు, నా చేతిని పళ్ళతో పట్టుకున్నాడు. మలుపు తిరిగి లారీ కనబడకుండా పోయాక ఒంట్లో బలం అయిపోయి నిలబడిపోయాడు. గేటు పట్టుకుని, చెయ్యి చాచి, దుమ్ము లేచిన కొండ దారిని చూపించాడు. చూపించి నా ముఖంలోకి చూశాడు.

నేను వాడి పక్కన నిలబడి నా చెయ్యి కూడా అటే చాచాను.

“అవును” అన్నాను. “అమ్మ అటే వెళ్ళింది.”

వాడు చెయ్యి దించేదాకా నేనూ దించలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. వాడి చెయ్యి నొప్పి పుట్టి కిందకి వాలాక, దాన్ని నా చేతిలోకి తీసుకున్నాను. వాడు లాక్కోలేదు.

“రా, వదిన పాలు కాచింది” అన్నాను.